ఏడుపు వినబడేంత దూరం

గొంతు వణకలేదు. లోపల ఏం తేల్చినా సరే, ఆ ఒక్కటీ నాదే, గొంతు వణకలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మీ గ్రంథంలో రెండో సగాన్ని పరిశోధన అంటారా, సంఘసేవ అంటారా అని ఇంగ్లీషులో అడిగినప్పుడు, వెనక బెంచీల్లో కూర్చున్న లెక్చరర్లు నవ్వడానికి సిద్ధపడినప్పుడు, నేను మంచినీళ్ళ గ్లాసు వైపు కూడా చూడలేదు. పరిశోధనే అంటానండి అన్నాను. మొదటి సగంలో అడిగాను, రెండో సగంలో తెలుసుకున్నాను అన్నాను. అది ముందుగా అనుకుని వచ్చిన మాట కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది, వచ్చి ఆయన ముందు బల్ల మీద కూర్చుంది. ఆయన దానివంక కాసేపు చూసి కళ్ళజోడు పెట్టుకున్నారు. తరవాత అందరినీ బయటికి వెళ్ళమన్నారు. లెక్చరర్లు కాంటీనుకి వెళ్ళిపోయారు. లోపల ముగ్గురు మిగిలారు, ఆ పరీక్షకుడు, ఈ పీజీ సెంటరు అధికారి, నా డాక్టరేటుకి ఐదేళ్ళుగా దారి చూపించిన మా శ్రీరామమూర్తి మాస్టారు. నేనిక్కడ వరండాలో బెంచీ మీద ఉన్నాను. పక్కన నాన్నగారు, మోకాళ్ళ మధ్య గొడుగు నిలబెట్టి, దాని పిడి మీద రెండు చేతులూ వేసుకుని, రైలు కోసం చూస్తున్న మనిషిలా కూర్చున్నారు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో మా దుకాణం, పారలూ గునపాలూ అంటుకత్తులూ కొబ్బరితాడూ అమ్మే దుకాణం, ఇవాళ బుధవారం పూట తలుపులు మూసుకుని ఉంది. పెద్దక్క పెళ్ళికి కూడా మధ్యాహ్నం దాకా తెరిచి ఉంచిన మనిషి. పొద్దున్న బస్సెక్కుతూ, కాకినాడలో నాకూ పనుందిలే అన్నారు. ఆ పనేమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సముద్రపు గాలి ఉప్పగా, జిగటగా తగులుతోంది. జూలై వచ్చినా వాన తేల్చుకోలేకుండా ఉంది. ఎక్కడో టైపు మిషను కొడుతున్నారు, ఆగి ఆగి, ప్రతి మాటకీ ఆలోచించి. నా గ్రంథం కూడా అలాగే టైపయింది, మా ఊళ్ళో దేవీచౌకు దగ్గర మేడమెట్ల కింద, మాణిక్యాంబ గారి చేత. ఆవిడకి ఇంగ్లీషు టైపు వచ్చు, చదివితే అర్థం కాదనేది. కానీ రెండో సగం మొదలయ్యాక ఒకరోజు వేళ్ళు ఆపి, ఇక్కడ పిల్లల సంగతి వస్తోంది కదండీ అంది. అవునండి అన్నాను. మొదట్లో అంకెలేగా వచ్చినవి అని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. మొదట్లో అంకెలే. నిజమే. ఎంత అందమైన అంకెలు అవి. కడియం చుట్టుపక్కల మొక్కల తోటల్లో కూలిపని చేసే ఆడవాళ్ళ వృత్తి సంతృప్తి మీద నా పరిశోధన. ఆ విషయం ఎంచుకున్నది కూడా నాన్నగారి వల్లే. తోటల యజమానులు మా దుకాణానికి వస్తారు, వాళ్ళ తోటల్లోకి నన్ను రానివ్వడానికి ఆయన పేరు చాలు. ప్రశ్నావళి మాత్రం మాస్టారిది. ఏ దేశంలోనో ఫ్యాక్టరీ కార్మికుల కోసం తయారైన దాన్ని ఆయన తెప్పించి, మన పరిస్థితులకి మలిచి, నా చేత తెలుగు చేయించారు. నా పనిలో నాకు సంతృప్తి లభిస్తున్నది. పూర్తిగా అంగీకరిస్తాను, కొంత అంగీకరిస్తాను, చెప్పలేను, అలా ఐదు గళ్ళు. చదివి వినిపించడం, చెప్పిన గడిలో టిక్కు పెట్టడం నా పని. ముఖంలో ఏమీ కనిపించకూడదు. మాస్టారు మరీ మరీ చెప్పేవారు, థర్మామీటరు జ్వరాన్ని కొలవాలి గానీ మార్చకూడదమ్మా, నువ్వు అక్కడ ఉన్నా లేనట్టే ఉండాలి అని. ఆయన మాట కాదనడానికి నాకేం తెలుసు. రాయిని తూచినట్టు, వానని కొలిచినట్టు మనిషి మనసుని కూడా కొలిస్తేనే అది శాస్త్రం. అలా కొలవలేనిది కబుర్లు. ఎమ్మే చదివినన్నాళ్ళూ అదే రాశాను, మార్కులూ వచ్చాయి.

వాళ్ళు అన్నిటికీ ఔనన్నారు. మట్టి నింపిన పాలిథిన్ సంచుల వరసల మధ్య గొంతుక్కూర్చుని, చేతులు ఆపకుండా, ఆయ్ అలాగేనండి, ఆయ్ పూర్తిగానండి అన్నారు. మేస్త్రీ మంచివాడా అంటే ఆయ్. కూలి న్యాయంగా ఉందా అంటే ఆయ్. మీ అభిప్రాయానికి విలువ ఇస్తారా అంటే, ఆ మాట అర్థంకాక ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మీరెలాగంటే అలాగేనండి అన్నారు. దానికి గడి లేదు. దగ్గరగా ఉన్న గడిలో పెట్టాను. వాల్తేరులో కంప్యూటరు మీద వేయిస్తే పట్టికలు వచ్చాయి, మాస్టారు వాటిని కిటికీ వెలుగులో పట్టుకుని, ఇంత శుభ్రమైన ఫలితం నేనెప్పుడూ చూడలేదమ్మా అన్నారు, కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది ఆయనకి. అప్పటికే నా లోపల ముల్లు దిగి ఉంది. ఆఖరి రోజున, వీరవేణి అనే ఆవిణ్ణి ప్రశ్నలు అడుగుతూండగా, మామిడంట్ల మడి చివర గోనెపట్టా మీద ఇంకొకావిడ పడుకోబెట్టిన పసిపిల్లని జెర్రి కుట్టింది. అందరూ పరిగెత్తారు. ఎవరో ఆకుపసరు నూరారు, ఎవరో పిల్లని ఎత్తుకుని రిక్షా కోసం రోడ్డు మీదికి పోయారు. పిల్లకి ఏమీ కాలేదు, సాయంత్రానికి వాపు తీసింది. కానీ అంతకుముందే, ఆ గోలంతా సద్దుమణిగీ మణగకుండానే, వీరవేణి తిరిగి వచ్చి చేతులు కొంగుకి తుడుచుకుని, ఇంకెన్నున్నాయండి కానిచ్చెయ్యండి అంది. తరవాతి ప్రశ్న, నేను పనిచేసే పరిసరాలు సురక్షితంగా ఉన్నాయి. ఆయ్, పూర్తిగానండి అంది. నేను టిక్కు పెట్టాను. పెట్టిన టిక్కు సరైనదే. ఆవిడ అన్నమాటే అది. పట్టికలో ఎక్కడా తప్పు లేదు. ఆ తప్పులేకపోవడమే నన్ను తిరిగొచ్చే బస్సులో కుదురుగా కూర్చోనివ్వలేదు.

"టైమెంతయింది అమ్మడూ?" అన్నారు నాన్నగారు.

చెప్పాను. ఆయన తల ఊపి మళ్ళీ తలుపు వైపు చూశారు. లోపల ఎవరిదో గొంతు పెద్దదయి తగ్గింది. మాస్టారిది కాదు. మాస్టారు గొంతు పెంచరు. పెంచాల్సి వస్తే మానేస్తారు. నా రెండో సగం చదివిన రోజున కూడా పెంచలేదు, ముత్యాల్లాంటి అక్షరాలతో మార్జిన్లో ప్రశ్నార్థకాలు పెట్టుకుంటూ పోయారు, చివరికి పేజీ అంతా కొడవళ్ళు మొలిచినట్టయింది. ఇది మనకెందుకమ్మా అన్నారు. మొదటి సగం చాలు, డాక్టరేటు వస్తుంది, ఉద్యోగం పర్మినెంటవుతుంది, తరవాత నీ ఇష్టమొచ్చింది రాసుకో. ప్రేమతోనే అన్నారు. మా ఆడవాళ్ళ కాలేజీలో నేను ఇప్పటికీ టెంపరరీ లెక్చరర్నే. ఏటా వేసవిలో తీసేసి, సెలవలయ్యాక మళ్ళీ వేసుకుంటారు. ఆయనకి ఆ సంగతి నాకంటే ఎక్కువ బాధ.

ఆ రోజుల్లోనే కాలేజీ లైబ్రరీలో ఒక పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయి, పై గూట్లో బూజుపట్టి, ఎవరూ తీసుకోనిది. ఎవరో అమెరికా తత్వవేత్త. మనం మామూలుగా ఆలోచించం, అలవాటుగా చేసుకుపోతాం, ఎక్కడో ఒకచోట పని అడ్డం తిరుగుతుంది, అప్పుడు సందేహం పుడుతుంది, ఆలోచన అక్కణ్ణుంచి మొదలవుతుంది అని ఉంది అందులో. అభిప్రాయం అనేది లోకానికి పట్టిన అద్దం కాదట, చేత్తో పట్టుకునే పనిముట్టట. దాన్ని వాడి చూడాలి, ఏమవుతుందో గమనించాలి, సరిపడకపోతే మార్చుకోవాలి. నిజం ఎక్కడో ముందే తయారయి ఉండి మనం వెళ్ళి ఏరుకొచ్చేది కాదు, నలుగురూ కలిసి చేసి చూసి, నిలబడినంతమేర నిలబడేది. నిలబడి చదువుతున్నదాన్ని నేలమీద కూర్చుండిపోయాను. దీన్ని తెలుగులో వ్యావహారిక సత్తావాదం అంటారని నిఘంటువు చెప్పింది. ఆ పేరు మా కూలివాళ్ళకి చెబితే ఏదో జబ్బనుకుంటారని నవ్వొచ్చింది. నాన్నగారికి భోజనాల దగ్గర చెప్పాను. ఆయన పెరుగు కలుపుకుంటూ విని, ఇది ఉద్యోగానికి పనికొస్తుందా అన్నారు. పనికొచ్చేదే నిజమంటున్నారు కదండీ వీళ్ళు అన్నాను వేళాకోళంగా. ఏ పుస్తకం వాళ్ళయినా అదే అంటార్లే అన్నారు. కానీ అది వేళాకోళమే కాదు, తప్పు కూడా. నాకు పనికొచ్చింది నిజమని కాదు. నాకు పనికొచ్చేది ఆ అందమైన పట్టిక. అది నాకు డిగ్రీ తెస్తుంది, ఉద్యోగం తెస్తుంది, మాస్టారి కళ్ళలో నీళ్ళు తెస్తుంది. కానీ దాన్ని నమ్మి ఎవరైనా ఏమైనా చేస్తే? చెయ్యడానికి ఏముంది, అందరూ సంతోషంగా ఉన్నారని ఉంది కదా, ఏమీ చెయ్యక్కర్లేదు. మర్నాడు ఆ మడి చివర గోనెపట్టా మీద ఇంకో పిల్ల పడుకుంటుంది. ఆచరణలో పెట్టగానే కూలిపోయే మాట అది. అంత శుభ్రంగా ఉన్నా అది నిజం కాదు.

అందుకని మళ్ళీ వెళ్ళాను, ప్రశ్నావళి లేకుండా. వీరవేణి తలెత్తి చూసి, మళ్ళీ ఒచ్చేరేంటండి అంది. అప్పుడు చెప్పినవి సరిపోలేదు వీరవేణీ అన్నాను. "ఇంకెన్నిసార్లు ఔననాలండి మరి?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వే నా పరిశోధన మొదలు. వీరవేణి అంటే అందరికీ కొంచెం భయం. పొడుగ్గా, బిరుసుగా ఉంటుంది, మేస్త్రీతో కూడా అరిచి మాట్లాడుతుంది, తనకి తెలియనిది లోకంలో లేదనుకుంటుంది. ఏం అడ్డం తిరుగుతోంది పనిలో అని అడిగాను. ఏం లేదండి అన్నారు. చాలాసేపు మట్టి నింపాం, నేనూ నింపాను, సంచి అడుగున నాలుగు వేళ్ళతో ఎలా అదమాలో నాకు రాక పక్కకి ఒరిగిపోయేవి. చివరికెవరో, పిల్లలేనండి అన్నారు. అక్కణ్ణుంచి అందరూ ఒకేసారి. చంటిపిల్లని ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మడి గట్టున పడుకోబెడితే చీమలు, ఎండ, జెర్రులు. ప్రతి చిన్న అలికిడికీ లేచివెళ్ళి చూస్తే మేస్త్రీ ఊరుకోడు. యజమాని వెంకటరత్నం గారితో నేను మాట్లాడాను. ఆయన నాన్నగారి మొహం చూసి సరేనన్నారు, ఇంటి పక్కన రోడ్డువారగా సిమెంటు నేల ఉన్న రేకుల పాక ఒకటి ఖాళీ చేయించి ఇచ్చారు. శుభ్రంగా ఉంది, నీడ ఉంది, పిల్లల్ని చూడ్డానికి గవరమ్మ అనే పెద్దావిణ్ణి కుదిర్చాం. నాకు ఎంత సంబరమో. మొదటిరోజు పిల్లలందరూ వచ్చారు. ఆ వారం గడిచేసరికి ఎవరూ లేరు. గవరమ్మ ఒక్కతే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. పిల్లలు మళ్ళీ మడిగట్ల మీద.

ఎందుకని? ఎవరిని అడిగినా ఒక కారణం చెప్పారు, ప్రతి కారణమూ గట్టిగానే ఉంది. వెంకటరత్నం గారు, ఎంత చేసినా వాళ్ళకి అలవాటు అవదమ్మా, చదువు లేకపాయె అన్నారు. వీరవేణి, ఇదేనండి సంగతి అని వేలు చూపిస్తూ, గవరమ్మ కసురుకుంటుంది, అదీ అంది. గవరమ్మని మార్చి వీరవేణి అత్తగారినే పెట్టాం. అయినా పిల్లలు రాలేదు. నేను పాలూ రవ్వజావా ఏర్పాటు చేస్తే నిలబడతారనుకున్నాను. పిల్లలు తాగేదాకా ఉన్నారు, మూతి తుడుచుకునేలోపు తల్లులు వచ్చి ఎత్తుకుపోయారు. నా ఊహా తప్పే, వీరవేణిదీ తప్పే. ఆవిడ చాలా రోజులు ఒప్పుకోలేదు. అసలు సంగతి ఏమిటంటే, ఏం కావాలో ఆ తల్లులకి కూడా తెలియదు. అది వాళ్ళు దాచిపెట్టిన జవాబు కాదు, ఇంకా పుట్టని జవాబు. ఎంత మంచి ప్రశ్నావళయినా పుట్టనిదాన్ని ఎలా పట్టుకొస్తుంది? ఇది నేను ఇందాక లోపల అన్నాను, సరిగ్గా ఈ మాటల్లోనే అన్నాను. పరీక్షకుడు ఏదో రాసుకున్నారు. రాసుకున్నాక కింద గీత కూడా గీశారు. ఆ గీత మంచిదో చెడ్డదో.

తరవాత ఈదురుగాలికి రేకులు లేచిపోయాయి. బాగుచేసేదాకా ఉండడానికని నీళ్ళతొట్టి పక్కన, మళ్ళ మధ్యలో, నాలుగు వెదురుబొంగులు పాతి తాటాకు పందిరి వేశారు. అంత బురద, అంత ఇరుకు, నాకైతే సిగ్గేసింది. పిల్లలు నిలబడిపోయారు. పొద్దున్న వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా ఉన్నారు. గవరమ్మనే మళ్ళీ పెట్టాం, అదే కసురు, అయినా ఉన్నారు. రేకుల పాక బాగయింది, తీసుకెళ్ళాం, మళ్ళీ ఖాళీ. పందిట్లోకి తెచ్చాం, నిండిపోయింది. చల్లదనం అన్నారొకరు. నీళ్ళు దగ్గరన్నారొకరు. పందిరినే ఒకసారి తోట అవతలి గట్టుకి మార్చి చూశాం, అక్కడా చల్లగానే ఉంది, నీళ్ళూ ఉన్నాయి, కానీ మర్నాటికి పిల్లలు లేరు. అప్పటికి నాకు ఆ పట్టుదల వచ్చేసింది, వాళ్ళకీ వచ్చేసింది, పనిలోకి వస్తూనే ఇవాళేం మారుద్దామండి అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. ఆయ్ అలాగేనండి అన్న నోళ్ళే అవి. ఒకరోజు పందిరి దాని చోట్లోనే ఉంది, అన్నీ మామూలే, అయినా తల్లులు కుదురుగా లేరు, అస్తమానం లేచి వెళ్ళి చూసి వస్తున్నారు. ఏమిటని చూస్తే, తొట్టి నింపడానికి ఆయిలింజను ఆడుతోంది. దడదడదడ. ఇంజను ఆపించాం. కూర్చున్నారు. మళ్ళీ వేయించాం. లేచారు. అప్పుడు అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చేతిలో సంచి అలాగే పట్టుకుని వీరవేణి, "ఏడుపండి" అంది మెల్లిగా. "పిల్లేడిస్తే ఇనబడాలండి. ఇనబడితే చాలు, ఎల్లక్కర్లేదు."

ఆ మాట అంతకుముందు ఆ తోటలో ఎవరికీ తెలియదు, అన్న వీరవేణికీ తెలియదు, దాన్ని మేమందరం కలిసి పందిరి మోసి, ఇంజను ఆపి, తప్పు మీద తప్పు చేసి పుట్టించాం. ఆ క్షణంలో నేను థర్మామీటరుని కాను, అక్కడ లేని మనిషిని కాను, మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో ఆ ఊరి కూలివాళ్ళలో ఒకదాన్నై నిలబడి ఉన్నాను. అంతకంటే ఎక్కువగా ఎప్పుడూ పరిశోధకురాలిగా లేను.

తలుపు తెరుచుకుంది. ప్యూను చినబాబు, ఖాళీ టీ గ్లాసులతో. తలుపు మళ్ళీ పడేలోపు ఇంగ్లీషు ముక్క ఒకటి బయటికొచ్చింది, అది ఒప్పుకుంటే రేపు ప్రతివాడూ ఇలాగే వస్తాడు అని. రావాలి. ఎందుకు రాకూడదు. చినబాబు మా దగ్గర ఆగి, నాన్నగారితో, "ఇంకా తెమల్లేదండి. కావలిస్తే మీకూ టీ తెస్తానండి" అన్నాడు. వద్దు బాబూ అన్నారు నాన్నగారు. ఆయన చెవి పక్కన చెమట సన్నగా జారుతోంది, తుడుచుకోవడం మరిచిపోయారు. ఆయనకేమీ అర్థం కాలేదు ఇవాళ. గంటసేపు వెనక బెంచీలో కూర్చుని ఇంగ్లీషు విన్నారు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా ముఖం కాక పరీక్షకుడి ముఖమే చూశారని తరవాత తట్టింది, బేరమాడే మనిషి ముఖం చూసినట్టు.

కంట్రోల్ గ్రూపు ఏదీ, మార్పు చెయ్యకుండా పోల్చి చూడ్డానికి ఉంచిన గుంపు ఏదీ అన్నారు ఆ పరీక్షకుడు. ఆయిలింజనండి అన్నాను. ఈసారి నవ్వారు జనం, ఆయన నవ్వలేదు, కానీ పేజీ వెనక్కి తిప్పి ఆ భాగం మళ్ళీ చదివారు, నేను నిలబడి చూస్తూండగా మొత్తం చదివారు. మీరు ఉండడం వల్లే అక్కడి పరిస్థితి మారింది కదా, అంటే మీరు కొలిచింది మిమ్మల్నే కదా అన్నారు. అది మంచి ప్రశ్న. దానికి నేను తడుముకోకుండా చెప్పిన జవాబు నాకే గర్వంగా ఉంది. ప్రశ్నావళి పట్టుకెళ్ళినప్పుడు కూడా నేనక్కడ ఉన్నానండి. యజమానికి తెలిసిన దుకాణదారు కూతురు ప్రశ్నల కాగితాలతో వస్తే ఎవరైనా ఔననే అంటారు. ఆ పట్టిక నిండా ఉన్నది నేనే. రెండో సగంలో కనీసం నేను ఎక్కడున్నానో రాశాను, నేను పోయాక ఏం మిగిలిందో కూడా రాశాను. మిగిలింది. ఏడాదిపాటు నేను వెళ్ళకపోయినా పందిరి ఉంది, ఇంజను మధ్యాహ్నం అన్నాల వేళే ఆడిస్తున్నారు. ఇంకో తోటకి ఇది వర్తిస్తుందా అన్నారు. వర్తించదండి అన్నాను. కడియపులంక నుంచి వేరే తోటవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, వాళ్ళ పిల్లలు కాస్త పెద్దవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, వాళ్ళకి ఏడుపు కాదు సమస్య, కాలవ. వాళ్ళు కంచె దగ్గర మొదలుపెట్టి ఇంకెక్కడికో తేలారు. జవాబు ఊరు దాటదండి, వెతికే పద్ధతి దాటుతుంది అన్నాను. ఆ తోటవాళ్ళు వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను, ఒక మూల కొబ్బరిచెట్టు కింద. వీరవేణి వాళ్ళకి అంతా చెప్పింది. చేతులు తిప్పుతూ, పందిరి మార్చిన చోటల్లా నడిచి చూపిస్తూ, తన ఊహ తప్పయిన సంగతి మాత్రం దాటేస్తూ, మేం ఇలా చేసి చూసేమండి, కుదర్లేదండి, అలా చేసి చూసేమండి అని. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా నా పేరు లేదు. ఎవరో మేడంగారు వచ్చినట్టే లేదు ఆ కథలో. నాకు అంత గర్వం జీవితంలో ఎప్పుడూ కలగలేదు, ఎమ్మేలో బంగారు పతకం వచ్చినప్పుడు కూడా. ఇది లోపల చెప్పలేదు. చెబితే సంఘసేవ అంటారు.

తలుపు ఈసారి నెమ్మదిగా తెరుచుకుంది. మాస్టారు. లేచి నిలబడ్డాను, నాన్నగారూ లేచారు. కూర్చోండి కూర్చోండి అని మాస్టారు తనే వచ్చి నాన్నగారి పక్కన కూర్చున్నారు. పంచె అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మొదటి భాగం ఆయనకి చాలా నచ్చిందమ్మా" అన్నారు. "రెండోది తీసేస్తే ఇవాళే సంతకం పెడతానంటున్నారు. తియ్యనంటే మూడో పరీక్షకుడికి వెళ్తుంది. అది ఏడాది పట్టచ్చు, ఎక్కువే పట్టచ్చు. అక్కడ ఏమవుతుందో నేను చెప్పలేను. నిన్ను అడిగి రమ్మన్నారు."

టైపు మిషను ఆగింది. ఏడాది. ఇంకో వేసవి తీసెయ్యడం, ఇంకో జూన్లో ప్రిన్సిపాల్ గది బయట నిలబడడం. ఒక్క మాట చాలు, ఉద్యోగం, పేరు ముందు ఆ చిన్న ముక్క, నాన్నగారి దుకాణంలో కూర్చునే వాళ్ళందరికీ చెప్పుకోవడానికి ఒక మాట. రెండో సగం ఎక్కడికీ పోదు, ఇంట్లో బీరువాలో ఉంటుంది. పందిరి ఎలాగూ ఉంది. గ్రంథంలో లేకపోతే పిల్లలు ఏడవడం మానేస్తారా. ఇవన్నీ వరసగా వచ్చాయి, వచ్చినవన్నీ నిజమే. అయినా ఆ మిగిలిన మొదటి సగం నా పేరుతో లైబ్రరీలో ఉంటుంది, రేపెవరో పిల్ల దాన్ని తీసి, కడియం కూలివాళ్ళు పూర్తిగా సంతృప్తిగా ఉన్నారని తన గ్రంథంలో ఎత్తి రాసుకుంటుంది, దాన్ని చూసి ఇంకొకరు. అలా అది నిజమైపోతుంది.

"తియ్యనండి" అన్నాను. గొంతు ఈసారి వణికింది. పోనీ.

మాస్టారు తల ఊపారు. తరవాత నాతో కాకుండా, ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు మెల్లగా మొదలుపెట్టారు. "నువ్వు తీస్తానన్నా నేను సంతకం పెట్టనని చెప్పి వచ్చానమ్మా. నీ పద్ధతి నేను ఒప్పుకున్నానని కాదు. దానిమీద నాకు చాలా అనుమానాలున్నాయి, అవి నీకు రాసి ఇస్తాను, జవాబు చెప్పు. కానీ మొదటి భాగం నేను తయారుచేసింది. అది నిజం కాదని రెండోది తేల్చింది. తేలాక దాన్ని ఒక్కదాన్నే పంపిస్తే, తెలిసి తెలిసి అబద్ధానికి సంతకం పెట్టినట్టు. నేను లెక్కల మాస్టార్నమ్మా. అది నావల్ల కాదు."

ఏం చెయ్యాలో తెలియక వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టబోయాను. ఇదేంటమ్మా ఇప్పుడు, వెళ్ళి చెప్పి రావాలి, ఆయన ట్రైనుకి పోవాలి అంటూ లేచారు. లేస్తూ నాన్నగారికి నమస్కారం చేశారు. ఎప్పుడూ నాన్నగారే ముందు చేసేవారు. మాస్టారి నడక వెనకనుంచి చూస్తూంటే, కాస్త వంగిన ఆ భుజాలు, ఉతికి ఉతికి పల్చనైన చొక్కా, నాకు నా గ్రంథం గురించిన గర్వమంతా చిన్నదైపోయి ఆ మనిషి శిష్యురాల్నన్న గర్వం దాని చోట్లోకి వచ్చి కూర్చుంది. ఐదేళ్ళుగా నేను ఎదిరించాననుకున్నది ఈయన్నా?

నాన్నగారు గొడుగు అందుకున్నారు. వరండా మెట్లు దిగుతూండగా చినబాబు ఎదురొచ్చాడు. ఇలాంటి రోజుల్లో బయటికొచ్చేవాళ్ళ చేతులు చూడ్డం అతనికి అలవాటులా ఉంది, ఆశగా నవ్వి, "అయిపోయిందాండి? స్వీట్లెప్పుడండి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు నాన్నగారు ఆగారు. భుజాలు వెనక్కి విరిచి, మా వీధిలో నలుగురికీ వినబడేలా బేరం ఖాయం చేసే గొంతుతో, "వాళ్ళు ఇస్తామన్నారు బాబూ" అన్నారు. "మా అమ్మాయే అక్కర్లేదంది."

అలా కాదండి నాన్నగారూ అనబోయాను. మూడో పరీక్షకుడు, ఏడాది, ఇదంతా ఆయనకి మళ్ళీ మొదటినుంచి విడమర్చి చెప్పాలి. బస్సులో చెప్పొచ్చు. ఇప్పటికి ఆ మాటని అలాగే ఉండనిచ్చి, ఆయన వెనకే రోడ్డు మీదికి నడిచాను.